ఒక్క చుక్క కారదన్న ముఖం

ఒక పత్రిక జిల్లా పేజీలో అట్టడుగున ఆరు వరసల వార్త వచ్చింది. మందు పంపు కేసులో కంపెనీ ఓడిందని, తండా మహిళకు న్యాయం జరిగిందని, 'ఒక వృద్ధుడి సహకారంతో' ఆమె కేసు నడిపిందని రాశారు. వృద్ధుడట. నాకు అరవై రెండు. విలేకరికి ఫోన్ చేసి ఆ ఒక్క మాటేనా అని అడిగితే, "స్థలం లేదు సార్" అన్నాడు. అదే పేజీలో సగం మేర ఒక నగల దుకాణం ప్రకటన ఉంది. స్థలం ఎవరికి ఉంటుందో అప్పుడే తెలిసింది.

తరువాత మా మండలంలో వినియోగదారుల హక్కుల మీద ఒక సభ పెట్టారు. నన్ను పిలవలేదు, నేనే వెళ్లాను. మూడో వరసలో స్తంభం వెనక కుర్చీ దొరికింది. వేదిక మీద ఒక అధికారి కాగితం చూసి చదువుతూ, "ఇటీవల మన ప్రాంతంలోనే ఇటువంటి కేసు ఒకటి జరిగింది" అన్నాడు. ఆ కేసు మనిషి స్తంభం వెనక ఉన్నాడని ఆయనకు తెలియదు. చెయ్యెత్తాను. "ప్రశ్నలు చివర్లో" అన్నారు. చివర్లో టీ ఇచ్చారు. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

నేను ఫిర్యాదులు చేసేవాడినే, ఒప్పుకుంటాను. బచ్చన్నపేట మండలంలో మా ఊరి స్టేజీ దగ్గర బస్సు ఆపకపోతే డిపోకు రాస్తాను. నూనె ప్యాకెట్ తూకం తగ్గితే దాన్ని కత్తిరించకుండా దుకాణానికి తిరిగి తీసుకుపోతాను. మా ఇంటావిడ అంటుంది, "నీకు తిన్నది అరగాలంటె ఎవడో ఒకడు తప్పు చెయ్యాలె" అని. చేస్తున్నారు కాబట్టే నా ఆరోగ్యం బాగుంది.

అటువంటి నేను కూడా ఒక రోజు, ఎందుకని అడగకుండా ఒక పని చేశాను.

జనగామలో ఒక ఫంక్షన్ హాల్లో రైతు సదస్సు పెట్టారు. పెట్టింది మందు పంపులు చేసే ఒక కంపెనీ, పిలిచింది వాళ్ల పంపులు అమ్మే జనగామ దుకాణదారు. పురుగు మందు నింపి వీపుకు తగిలించుకుని పత్తికీ మిరపకూ కొట్టే బ్యాటరీ పంపులవి. మా పక్క ఊళ్లనుంచి ఆటోల్లో జనం వచ్చారు. లోపలికి పోయేముందు ఒక పొడుగాటి రిజిస్టరులో అందరం సంతకాలు పెట్టాం, అది భోజనాల లెక్క కోసమన్నారు. మాటలు అయ్యాక భోజనాలు. నా వరసకు వచ్చేసరికి పెరుగు అయిపోయింది. దాన్నీ నేను మరిచిపోలేదు.

చెయ్యి కడుక్కుని బయటికి వస్తుంటే దుకాణదారు నా భుజం మీద చెయ్యేశాడు.

"కాకా, నీ మీసం మస్తున్నది. జర ఈ పంపు వీపు మీదికెత్తుకో, ఒక ఫోటో దిగుదాం."

పంపు ఖాళీది, దూదిమూటలా తేలికగా ఉంది. ఫోటో తీసేవాడు నిటారుగా నిలబడమన్నాడు, నిలబడ్డాను. బొటనవేలు చూపించమన్నాడు, చూపించాను. నవ్వమన్నాడు. నవ్వాను కూడా. ఒక టోపీ ఇచ్చి పంపించారు.

రెండు నెలల తరువాత చిట్యాల నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. భూపాలపల్లి జిల్లాలో చిట్యాల మా అత్తగారి ఊరు.

"బావా, నువ్వు ఇంట్లనే ఉన్నవా?"

"ఇంట్లనే ఉన్న. ఎందుకు?"

"మరి మా బజార్ల మందుల దుకాణం మీద యేలాడుతున్నదెవరు?"

మరునాడే బస్సెక్కి వెళ్లాను. దుకాణం పైన నాకంటే పొడుగాటి ఫ్లెక్సీ. అందులో నేను. నా రంగు కంటే రెండు వన్నెలు తెల్లగా, మీసం నల్లగా, వీపున పంపుతో, బొటనవేలు ఎత్తి నవ్వుతున్నాను. పక్కన పెద్ద అక్షరాల్లో: 'ఆదర్శ రైతు మాట! ఒక్క చుక్క కారదు! అయిదేండ్ల గ్యారంటీ! వడ్డీ లేని కిస్తీలు!'

ఆ మాటల్లో ఒక్కటీ నేను అనలేదు. ఆ పంపును అంతకుముందుగానీ ఆ తరువాతగానీ నేను వాడలేదు. అప్పుడే అడగాల్సింది. కానీ నిజం రాయాలని కూర్చున్నాను కనుక ఇదీ రాస్తాను: నాకు సంతోషమైంది. ఇన్నేళ్లుగా ఎవరూ నా మాట వినడం లేదని తిరిగినవాణ్ణి, నా మాట ఇంత పెద్ద అక్షరాల్లో రాశారే అనుకున్నాను, అది నా మాట కాదన్న సంగతి పక్కన పెట్టి. ఫ్లెక్సీ కింద నిలబడ్డాను, బావమరిది ఫోటో తీశాడు. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఎదుటివాళ్ల తప్పులకు రుజువులు దాచేవాడు తన తప్పుకు కూడా ఒకటి దాచుకోవాలి.

మిరప తోటలకు మందు కొట్టే రోజులు నడుస్తుండగా ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆటో ఆగింది. లంబాడా ఆడమనిషి దిగింది, ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో గోనెసంచి. నన్ను చూసి, ఫోన్లో ఏదో ఫోటో చూసి, మళ్లీ నన్ను చూసింది.

"నువ్వేనా బాపు?"

"ఎవరు గావాలె బిడ్డా?"

"ఒక్క చుక్క కారదన్న బాపు."

దంతాలపల్లి దగ్గరి తండా నుంచి వచ్చింది. అది మహబూబాబాద్ జిల్లా, మాకు రెండు బస్సులు మారే దూరం. మా మండలం పేరు ఎవరో చెబితే ఊరూరా ఫోటో చూపిస్తూ వచ్చానంది. సంచిలోంచి పంపు తీసి అరుగు మీద పెట్టింది. ఫ్లెక్సీలో నా వీపు మీదున్నటువంటిదే. మా ఇంటావిడ మంచినీళ్లిచ్చి లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి ఒక్కతే బయటికి వచ్చింది. 

"ఏమైంది?"

"వీపంత ఉడికినట్టున్నది. మెడ కాడికెల్లి నడుం దాక. నువ్వు సూడకు, నేను సూసిన సాలు."

పంపులోంచి మందు వీపు మీదికి కారింది. చీర, లోపలి రవిక తడిసి ఒంటికి అంటుకుని ఉన్నా, చెమట అనుకుని మిగిలిన నాలుగు సాళ్లూ పూర్తి చేసిందట. ఆ సాయంత్రానికి బొబ్బలు, వాంతులు. ఎనిమిది రోజులు దవాఖానలో ఉంది. తండాలో ఇంకా ఆరుగురు అదే పంపు కొన్నారు, ఇద్దరికి కాస్త కాలింది, మిగతావాళ్లు భయపడి మూలకు పడేశారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే భాష వేరు, నాతో తెలుగులో నెమ్మదిగా, మాట మాట వెతుక్కుంటూ చెప్పింది.

"దుకాణపాయన సెప్తె నమ్మకపోదుము బాపు. ఆయన అమ్ముకునేటోడు. నీ మొఖం జూసి కొన్నం. మా అసొంటోడే గదా, అబద్ధం ఎందుకు సెప్తడు అనుకున్నం."

"నేను సెప్పలే బిడ్డా. గా మాటలు వాళ్లే రాసుకున్నరు."

"నువ్వు వాడినవా గిది?"

"లేదు."

ఆమె పంపు వైపు చూసింది, నా వైపు చూసింది.

"మరెందుకు నవ్వినవ్?"

  కంపెనీ మీద నాకున్న కోపం సంగతి తరువాత. మూడు జిల్లాల్లో నా ముఖం అబద్ధమాడుతోంది. దాన్ని చూసి రేపు ఇంకెవరో వీపుకు ఆ పంపు తగిలించుకుంటారు. ఆ ముఖంతో నిజం చెప్పించే దాకా ఊరుకోనని ఆ అరుగు మీదే అనుకున్నాను. ఆమెతో కూడా అన్నాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు. ఒకసారి నమ్మి చూసింది కదా.

ముందు జనగామ దుకాణానికి పోయాం. సదస్సు రోజు భుజం మీద చెయ్యేసిన మనిషి, ఇప్పుడు ఇద్దరిలో ఒక్కరికీ కుర్చీ చూపించలేదు. పక్కనే మూడు ఖాళీ ఉన్నాయి. లెక్కపెట్టాను.

"మూత సరిగ్గ బిగియ్యలేదు కావచ్చు కాకా. వీళ్లకు వాడుడు రాదు."

ఆమె అంది, "పదిహేనేండ్ల సంది మందు కొడుతున్న సేటు. నువ్వెన్నేండ్ల సంది కొడుతున్నవ్?"

దుకాణదారు ఆమెకు జవాబు చెప్పకుండా నా వైపు తిరిగాడు. "నీకేంది కాకా నడిమిట్ల? ఫిరీగ నీ మొఖం మూడు జిల్లాల ఏసినం. ఇంకోడైతె ఖుషీగ మిఠాయి తెస్తుండె."

ఆ మాటను ఇంటికి వచ్చి తేదీతో సహా నోటు పుస్తకంలో రాసుకున్నాను. కంపెనీకి రిజిస్టర్ పోస్టులో మూడు ఉత్తరాలు రాశాను. అందినట్టు రసీదులు వచ్చాయి, ఉత్తరం మాత్రం రాలేదు. ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి నమోదు చేయించాను. కొన్నాళ్లకు, కంపెనీ స్పందించనందున వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చునని సందేశం వచ్చింది. సరే, వెళ్లవచ్చునంటే వెళ్తాం.

జనగామ బస్టాండు పక్క పుస్తకాల కొట్టులో వినియోగదారుల చట్టం తెలుగులో దొరికింది. పెన్సిలు పట్టుకుని మూడుసార్లు చదివాను. తప్పుదారి పట్టించే ప్రకటన ఇస్తే శిక్ష ఉందని ఉంది. ప్రమాదకరమైన వస్తువును అమ్మకం నుంచి తీసేయించవచ్చని ఉంది. అబద్ధపు ప్రకటన ఇచ్చినవాళ్లతోనే, వాళ్ల ఖర్చుతోనే, దాన్ని సరిదిద్దే ప్రకటన వేయించవచ్చని ఉంది. ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాను. తరువాతి పేజీలో ఇంకొకటి ఉంది. ప్రకటనలో కనబడి వస్తువు మంచిదని చెప్పేవాడు కూడా, ఆ మాట నిజమో కాదో ముందు విచారించుకోవాలట. విచారించుకోకపోతే అతడూ బాధ్యుడేనట.

మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆమె బియ్యం ఏరుతూ, తలెత్తకుండా, "అయితె నీ మీద నువ్వే ఒక కేసు పెట్టుకో. గదొక్కటే మిగిలింది" అంది.

తండా బిడ్డకు దంతాలపల్లి దుకాణంలో బిల్లు ఇవ్వలేదు, తెల్లకాగితం ముక్క మీద ఏదో గీకి ఇచ్చారు, అది వానకు తడిసి పోయింది. కానీ పంపు కిస్తీల మీద కొన్నది. కిస్తీలిచ్చే ఫైనాన్సు వాళ్ల కాగితంలో పంపు నంబరు, దుకాణం పేరు, కొన్న రోజు అన్నీ ఉన్నాయి. బాకీ మరిచిపోకూడదని వాళ్లు రాసుకున్న కాగితమే మాకు బిల్లయింది. ఫిర్యాదు ఆమె పేరు మీద పెట్టాం. తన తరఫున మాట్లాడమని నాకు రాసిచ్చింది. వకీలు అక్కర్లేదని చట్టంలోనే ఉంది.

కమిషన్ వరంగల్‌లో. వాయిదా ఉన్న రోజు ఆమె దంతాలపల్లి నుంచి, నేను బచ్చన్నపేట నుంచి వచ్చేవాళ్లం. ఆమె రొట్టెలు తెచ్చేది, నేను పచ్చడి తీసుకుపోయేవాణ్ణి. కంపెనీ తరఫున ఒక వకీలు వచ్చేవాడు. నన్ను ప్రతిసారీ "ఈ పెద్దాయన" అనేవాడు. మొత్తం మీద పదిహేడుసార్లు అన్నాడు.

మొదటి రోజే లేచి, "ఈ పెద్దాయన ఏమీ కొనలేదు మేడం. ఈయన వినియోగదారుడే కాదు" అన్నాడు.

కమిషన్ అధ్యక్షురాలు నా వైపు చూసింది. కళ్లజోడు మీదుగా చూసే మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది.

"కొన్నది ఈమె మేడం. నమ్మించింది నా మొఖం. నేను ఈమె తరఫున వచ్చిన, నా మొఖం తరఫున గూడ వచ్చిన."

"ఈమె వ్యాపారం కోసం కొన్నది, వ్యవసాయం వ్యాపారమే" అన్నాడు వకీలు.

"తన చేను తాను చేసుకుని బతికే మనిషి బతుకుతెరువు కోసం కొన్నది వ్యాపారం కిందికి రాదు. చట్టంలో ఉంది, చూసుకోండి" అంది అధ్యక్షురాలు. ఆ పేజీకి నేను ముందే గుర్తు పెట్టి ఉంచాను. ఎత్తి చూపించబోతే ఆమె, "నాకు తెలుసు, కూర్చోండి" అంది. అది మర్యాదగానే అంది, అందుకని రాసుకోలేదు.

తరువాతి వాయిదాకు వకీలు ఒక జిరాక్సు కాగితం తెచ్చాడు. నా ఫోటో వాడుకోవడానికి నేను ఒప్పుకుని సంతకం చేశానట. కాగితం పైన 'మా ఫోటోలను కంపెనీ ప్రచారానికి వాడుకొనుటకు సమ్మతించడమైనది' అని ఉంది. కింద సంతకాల వరస. మధ్యలో నా సంతకం. నాదే, అనుమానం లేదు.

ఆమె నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. మోచేతితో పొడిచి గుసగుసగా అడిగింది. "సంతకం బెట్టినవా బాపు?"

"పెట్టిన. అన్నానికి పెట్టిన."

లేచి, అసలు రిజిస్టరు చూడాలన్నాను. వకీలు అది హైదరాబాద్ ఆఫీసులో ఉందన్నాడు. తెప్పించమన్నాను. రెండు వాయిదాలకు తేలేదు. మూడోసారి అధ్యక్షురాలు, తేకపోతే ఆ కాగితాన్ని లెక్కలోకి తీసుకోనంది. నాలుగోసారి వచ్చింది.

పొడుగాటి రిజిస్టరు. ఆ పేజీ కుడి అంచును లోపలికి మడిచి పిన్ను కొట్టారు. జిరాక్సులో ఆ అంచు రాలేదు. అధ్యక్షురాలు పిన్ను తీయించి అంచు విప్పింది. అక్కడ 'రిమార్కులు' అని ఒక గడి. నా సంతకానికి ఎదురుగా, నా చేతిరాతతో ఉన్నది ఆమె పైకి చదివింది.

"పెరుగు రాలేదు. మా వరసలో ఎవరికీ రాలేదు."

భోజనం అయ్యాక వెనక్కి వెళ్లి రిజిస్టరు అడిగి మరీ రాసి వచ్చాను. ఆ రోజు నాతో వచ్చినవాళ్లు నవ్వారు, పెరుగు కోసం కూడా రాస్తావా అని. రాస్తాను.

"మీరు ఫోటోకు సమ్మతి అంటున్నారు. ఇక్కడ పెరుగు ఏమిటి?" అని అడిగింది అధ్యక్షురాలు.

వకీలు కాగితం తీసుకుని చూశాడు. నా కింద సంతకాలకు ఎదురుగా 'తిన్నాను', 'ఒక ప్లేటు', 'డ్రైవరు భోజనం' అని ఉన్నాయి. పైన ఉన్న సమ్మతి వాక్యం వేరే సిరాతో, ఖాళీ ఉన్నచోట ఇరికించి రాసి ఉంది. గదిలో వెనక కూర్చున్నవాళ్లు, మా కేసుకు సంబంధం లేనివాళ్లు కూడా, నవ్వేశారు. వకీలు ఆ రోజు నన్ను పెద్దాయన అనలేదు.

కానీ పంపు కారుతుందని ఇంకా తేలలేదు. కంపెనీ తమ పరీక్షల కాగితాలు దాఖలు చేసింది. నిండా నీళ్లు పోసి, బల్ల మీద నిలబెట్టి, గంటసేపు నడిపించారట. చుక్క కారలేదట. చదివితే నిజమే అనిపిస్తుంది.

ఆమె నన్నడిగింది, ఏం రాశారని. చెప్పాను. "బల్ల మీదనా?" అంది. "బల్ల వంగుతదా బాపు?"

తరువాతి వాయిదాకు పంపును నీళ్లతో నింపి గదిలోకి తెచ్చింది. అధ్యక్షురాలి అనుమతి అడిగాం. వకీలు అభ్యంతరం చెప్పాడు, నేల తడుస్తుందని. "కారదంటిరి గదా సార్, ఎట్ల తడుస్తది?" అన్నాను. అధ్యక్షురాలు కానివ్వమంది.

ఆమె పంపు వీపుకు తగిలించుకుంది. పుండ్లు మానిన చోట పట్టీలు ఒరుసుకుంటుంటే ఒకసారి పళ్లు బిగపట్టింది. నిటారుగా నిలబడింది. చుక్క రాలేదు. వకీలు తృప్తిగా చేతులు కట్టుకున్నాడు. అప్పుడామె నడుం వంచి, చెయ్యి ముందుకు చాచి, నేలకు జానెడెత్తులో గొట్టం తిప్పుతూ, మిరపచెట్ల వరస వెంట నడిచినట్టు గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. నాలుగడుగులు వేసేసరికి పంపు మూత దగ్గర తడి మెరిసింది. సగం గది దాటేసరికి నీళ్లు మెడ మీదుగా, రవిక మీదుగా, నడుం దాకా దిగాయి. ఆ చివరికి చేరేసరికి నేల మీద ఆమె నడిచిన దారంతా చారలు.

"ఇంత వంగి ఎందుకు కొట్టాలి? నిలబడి కొట్టవచ్చు కదా?" అన్నాడు వకీలు.

ఆమె పంపు దించి, కొంగుతో మెడ తుడుచుకుంటూ అంది, "పురుగు ఆకు కింద ఉంటది సార్. నువ్వు నిలవడి పిలిస్తె బయటికొస్తదా?"

అధ్యక్షురాలు పెన్ను కింద పెట్టింది. ఆమె నవ్వు దాచుకోవడం నేను చూశాను.

పంపును పరీక్షకు పంపించారు. వ్యవసాయ యంత్రాలు తెలిసిన ఇంజనీర్లు రాసిచ్చారు: మూతలో గాలి కోసం ఒక రంధ్రం ఉంది, దాన్ని మూసే చిన్న రబ్బరు బిళ్ల ఉండాలి, అది ఇందులో అసలు పెట్టనే లేదు. నిలబడినంతసేపు కారదు, వంగితే కారుతుంది. మిరపకు, పత్తికి వంగకుండా మందు కొట్టేవాడు ఎవడూ లేడు, ఫ్లెక్సీ మీద నేను తప్ప.

తీర్పు రోజు ఇద్దరం పొద్దున్నే చేరాం. ఆ రకం పంపులు అమ్మకం నుంచి తీసేయాలి. తండాలో కొన్నవాళ్లందరివీ వెనక్కి తీసుకోవాలి, కిస్తీలు రద్దు. ఆమె వైద్యానికీ, పడ్డ బాధకూ పరిహారం. పాత ఫ్లెక్సీలు దింపాలి. ఎక్కడెక్కడ కట్టారో అక్కడక్కడే, అంతే కొలతల్లో, అన్నే రోజులు, పంపు కారుతుందని సరిదిద్దే ప్రకటన కట్టాలి. అధ్యక్షురాలు చదువుతుంటే నేను ప్రతి వాక్యానికీ తలూపుతున్నాను. పక్కన కూర్చున్న ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఏమన్నది? గెలిసినమా?" అని మళ్లీ మళ్లీ అడుగుతోంది. గెలిచామని తలూపాను.

అంతా అయ్యాక నేను లేచి ఒక మనవి చేశాను, సరిదిద్దే ప్రకటనలో కూడా నా ఫోటో ఉండాలని.

వకీలు ఆశ్చర్యపోయాడు. "మేడం, ఇన్నాళ్లూ తన ఫోటో వేశారనే కదా ఈయన గొడవ!"

"కారదని సెప్పిన మొఖమే కారుతదని గూడ సెప్పాలె మేడం. లేకుంటె జనం ఎవర్ని నమ్ముతరు?"

అధ్యక్షురాలు ఒప్పుకుంది. ఈసారి సమ్మతి కాగితం నేనే రాశాను, నాలుగు వైపులా గీత గీసి, ఇంకెవరూ ఏమీ ఇరికించలేనట్టు. ఫోటో మా ఊళ్లోనే దిగాను. నిటారుగా కాదు. నీళ్లు నింపిన అదే పంపు వీపున పెట్టుకుని, నడుం వంచి, తడిసిన చొక్కాతో. నా నడుము రెండు రోజులు నొప్పి పెట్టింది. ఆమె పదిహేనేళ్లుగా చేస్తున్న పని అది.

కట్టాల్సిన గడువు చివరి రోజున కొలిచే టేపు జేబులో వేసుకుని బయలుదేరాను. జనగామ దుకాణంలో దుకాణదారే నిచ్చెన ఎక్కి కడుతున్నాడు. కొలిచాను. మూరెడు తక్కువ.

"కాకా, జర ఎక్కువైతలేదా నీది?"

"తక్కువైంది నీది. మూరెడు. దింపు."

దింపాడు. మూడో రోజుకు సరైన కొలతది వచ్చింది. అప్పుడు కుర్చీ కూడా చూపించాడు. నేను కూర్చోలేదు.

చిట్యాలలో ఫ్లెక్సీని దుకాణం వెనక గోడకు కట్టారు, గేదెలు తప్ప ఎవరూ చూడని చోట. బావమరిది ముందుండి, "మా బావ ఎనుక యేలాడెటోడు గాదు" అని అరిచి, నలుగురిని పోగేసి ముందుకు మార్పించాడు. నడి బజార్లో, వంగిన నా వీపు, కింద పెద్ద అక్షరాలు: 'ఈ పంపు వంగినప్పుడు కారుతుంది. వాడకండి. వెనక్కి ఇవ్వండి.' మిర్చి కూలీలు ఆటో ఆపుకుని చదవడం నా కళ్లతో చూశాను. ఒకాయన పంపు భుజాన వేసుకుని వచ్చి దుకాణం మెట్ల మీద దబ్బున పెట్టాడు. అంత తియ్యటి చప్పుడు ఈ మధ్య నేను వినలేదు.

దంతాలపల్లికి చివర వెళ్లాను. ఆమె తండావాళ్లను వెంటబెట్టుకుని వచ్చి ఫ్లెక్సీ కింద నిలబడి ఉంది. చదువు రానివాళ్లకు వాళ్ల భాషలో చెబుతోంది. ఆ భాష నాకు రాదు. కానీ నా వైపు వేలు చూపించి ఏదో అన్నది, అందరూ నా వైపు తిరిగారు, ఒక ముసలామె వచ్చి నా నడుం నిమిరింది. అదేమిటో నేను అడగలేదు. అడగకుండా వదిలేసినవాటిలో అది రెండోది, దానికి నాకు విచారం లేదు.

ఇంతటితో నా కేసు ముగిసిందని అందరూ అంటున్నారు. ముగియలేదు. కంపెనీ దాఖలు చేసిన కాగితాల కట్టలో, పరీక్షల పత్రాల మధ్య, ఒక ఉత్తరం ఉంది. పొరపాటున వచ్చిందనుకుంటాను. వేరే జిల్లా రైతు రాసింది: 'వంగితే వీపు మీద కారుతున్నది, నాకు కాలింది, మూత మార్చండి.' దాని మీద కంపెనీ ముద్ర, 'అందినది' అని, ఒక పొట్టి సంతకం. ఆ ముద్ర తేదీ, జనగామలో నన్ను నిలబెట్టి ఫోటో తీసిన రోజుకు నెలన్నర ముందుది.

అంటే తెలుసు. తెలిసే నా వీపుకు ఖాళీ పంపు తగిలించారు. తెలిసే ఒక్క చుక్క కారదని నా ముఖం పక్కన రాశారు. పరిహారం ఇచ్చారు, ఫ్లెక్సీలు మార్చారు, ఆ ఉత్తరం గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. కంపెనీ పెద్దకు అయిదు ఉత్తరాలు రాశాను. అయిదూ అందాయి, రసీదులు నా దగ్గరున్నాయి.

ఆ పొట్టి సంతకం పెట్టిన అయ్యా, నువ్వెవరివో నాకు తెలియదు. ఆ రైతు ఉత్తరం చదివి నువ్వు ఎవరికిచ్చావు? ఆయన ఏమన్నాడు? ఆ తరువాత కూడా ఆ పంపును ఆమె వీపుకు ఎక్కించమన్నది ఎవరు? కమిషన్ అడగలేదు, పత్రికవాళ్లు అడగలేదు, నేను అడుగుతున్నాను. మీ ఆఫీసులో నా అడ్రసు ఎనిమిదిసార్లు ఉంది. జవాబు రాయండి.